అంచనా కట్టిన దమ్ము, కొలిచిన దమ్ము

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారాలు. నా వయసు 63. తెనాలిలో లెక్కల మాస్టారుగా పనిచేసి నిరుడు పదవీ విరమణ చేశాను. పది నెలల క్రితం గుండెపోటు వస్తే గుండె ముందువైపు రక్తనాళంలో స్టెంట్ వేశారు. మూడు నెలలయ్యాక ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. 7 నిమిషాల 10 సెకన్లు నడిచాను. రిపోర్టులో ‘10.2 మెట్‌లు, మంచి వ్యాయామ సామర్థ్యం’ అని రాశారు. ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఆ ధైర్యంతో రోజూ అరగంట జోరుగా నడవడం మొదలుపెట్టాను. కానీ రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం వస్తోంది. ఆ మాట చెబితే మా డాక్టరు గారు హైదరాబాదు పంపి, ముఖానికి మాస్క్ బిగించి సైకిలు తొక్కించే పరీక్ష చేయించారు. తొడలు పట్టేసి ఇక తొక్కలేనన్న చోట ఆపాను. అందులో ‘20.3, అంటే 5.8 మెట్‌లు’ అని వచ్చింది. డల్లస్‌లో ఉన్న మా అబ్బాయి కొనిచ్చిన చేతి గడియారమేమో 31 అని చూపిస్తోంది. ఒకే లెక్కకు మూడు జవాబులు ఎలా వస్తాయి? ఏడు నెలల్లో నా గుండె శక్తి సగానికి సగం పడిపోయిందా? లేక మొదటి పరీక్షే తప్పా? స్టెంట్ వేసిన రోజు మా ఇంటావిడ, నేను అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకుంది. ఎక్కవచ్చా? రిపోర్టులన్నీ జతచేశాను. బరువు 82 కిలోలు. మెటోప్రోలాల్ 50 వేసుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, మీ గుండె శక్తి సగానికి పడిపోలేదు. మీరు పంపిన రెండు ఎకో రిపోర్టుల్లోనూ పంపింగు 50 శాతం దగ్గరే ఉంది. ఈ ఏడు నెలల్లో మీ గుండె పెద్దగా మారలేదు. మారింది, దాన్ని అడిగిన ప్రశ్న.

మెట్ అంటే ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి ఖర్చయ్యే ఆక్సిజన్; పది మెట్‌లంటే దానికి పది రెట్లు. మీ 20.3, 31 అంకెలు కిలో బరువుకు నిమిషానికి వాడే ఆక్సిజన్ మిల్లీలీటర్లు. ట్రెడ్‌మిల్ పరీక్షలో మీ ఆక్సిజన్ వాడకాన్ని ఎవరూ కొలవలేదు. యంత్రానికి తెలిసినవి రెండే: తన బెల్టు ఎంత వేగంగా తిరిగింది, ఎంత ఏటవాలుగా లేచింది. ఆ రెండింటి నుంచి ‘ఇంత పని చేశాడంటే ఇంత ఆక్సిజన్ వాడి ఉంటాడు’ అని లెక్కగట్టి అచ్చు వేసింది. విద్యార్థి జవాబు పత్రం తెరవకుండా, ప్రశ్నపత్రం ఎంత కష్టమైనదో, హాల్లో ఎంతసేపు కూర్చున్నాడో చూసి మార్కులు వేస్తే మీరు ఒప్పుకుంటారా? చాలామంది విషయంలో ఆ మార్కులు కూడా ఇంచుమించు సరిపోతాయి. మీలాంటి వారి విషయంలోనే తేడా వస్తుంది. ఎందుకు వస్తుందో లెక్కల మాస్టారికి లెక్కతోనే చెబుతాను.

మిమ్మల్ని నడిపించిన పద్ధతి పేరు బ్రూస్ ప్రోటోకాల్. అమెరికాలోని సియాటెల్‌కు చెందిన డాక్టర్ రాబర్ట్ బ్రూస్ 1963లో దీన్ని ప్రచురించారు. మూడేసి నిమిషాల దశలు. మొదటి దశలో గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం ఏటవాలు. రెండో దశలో 4 కిలోమీటర్లు, 12 శాతం. మూడో దశలో సుమారు 5.5 కిలోమీటర్లు, 14 శాతం. మీరు మూడో దశలో 70 సెకన్లు ఉన్నారు. ఆ దశలో బెల్టు నిమిషానికి 91.2 మీటర్లు తిరుగుతుంది. అందరూ వాడే సూత్రం ఇది: వేగాన్ని 0.1తో గుణించండి, 9.12. వేగాన్ని ఏటవాలుతోనూ 1.8తోనూ గుణించండి, 22.98. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే 3.5 కలపండి. మొత్తం 35.6. అంటే కిలో బరువుకు నిమిషానికి 35.6 మిల్లీలీటర్ల ఆక్సిజన్. దాన్ని 3.5తో భాగిస్తే 10.2 మెట్‌లు. మీ రిపోర్టులో ఉన్న అంకె అదే.

గుణకారంలో తప్పేమీ లేదు. తప్పంతా ఊహల్లో ఉంది. ఆ సూత్రం ఆరోగ్యవంతులను చూసి కట్టినది. మనిషి అదే వేగంలో కొన్ని నిమిషాలు నడిచి, ఒంటి ఆక్సిజన్ వాడకం ఒక నిలకడకు వచ్చాకే అది వర్తిస్తుంది. చేతులు ఊపుకుంటూ నడవాలి, దేన్నీ పట్టుకోకూడదు. మీరు మూడో దశలో ఉన్నది 70 సెకన్లే. దానికి తోడు, గుండెపోటు వచ్చినవారిలో ఆక్సిజన్ వాడకం నెమ్మదిగా పైకి లేస్తుంది. బోరు మోటారు వేయగానే కుళాయిలో నీళ్లు పడవు కదా, పైపు నిండాలి. గుండె జబ్బు ఉన్నవారిలో ఆ పైపు నిండడానికి మరింత సమయం పడుతుంది. ఈలోగా కండరాలు ఆక్సిజన్ లేకుండా నడిచే దారిలో శక్తిని అప్పు తెచ్చుకుంటాయి. బెల్టు మూడో దశకు వెళ్లింది కానీ మీ ఊపిరి ఇంకా అక్కడికి చేరలేదు. యంత్రం మాత్రం చేరినట్టే రాసింది.

ఈ సంగతి బ్రూస్‌కు తెలుసు. 1973లో ఆయనా సహచరులూ గుండె జబ్బు ఉన్న మగవారికి విడిగా ఒక సూత్రం ఇచ్చారు: నడిచిన నిమిషాలను 2.327తో గుణించి 9.48 కలపాలి. మీ 7 నిమిషాల 10 సెకన్లకు వేసి చూడండి, 26.2 వస్తుంది. అంటే 7.5 మెట్‌లు. అదే బెల్టు మీద అదే నడక, సరైన సూత్రం వాడితే పది కాస్తా ఏడున్నర అయింది. యాభై ఏళ్లు దాటినా ఈ సూత్రాన్ని వాడే యంత్రం నాకు అరుదుగా కనిపిస్తుంది. ఇందుకు నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక కడ్డీ. మీరు రాయలేదు కానీ అడుగుతున్నాను: ఆ రోజు ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకున్నారా? దాదాపు అందరూ పట్టుకుంటారు. కదిలే బెల్టు ఎక్కడం చాలామందికి అదే మొదటిసారి. పరీక్ష అయ్యాక అరచేతిలో ఉంగరం అచ్చు పడినవారిని ఎంతోమందిని చూశాను. కడ్డీ మీద బరువు వేస్తే కాళ్లకు పని తగ్గుతుంది, గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది. అంచనా ఆ మేరకు పెరుగుతుంది. మూడోది, సైకిలు. మన వైపు అరవై దాటినవారు సైకిలు తొక్కి చాలా ఏళ్లయి ఉంటుంది. కాళ్లు ముందు అలసిపోతాయి. నడకలో పనిచేసే కండరాలన్నీ సైకిలు మీద పనిచేయవు. అందుకే ఒకే మనిషికి ట్రెడ్‌మిల్ కంటే సైకిలు మీద 10, 15 శాతం తక్కువ రావడం మామూలే. మీరు కడ్డీ పట్టుకోకుండా, మాస్క్ పెట్టుకొని ట్రెడ్‌మిల్ మీద నడిచి ఉంటే బహుశా 23 దగ్గర, ఆరున్నర మెట్‌లు వచ్చేవి. పది నుంచి ఏడున్నర, ఏడున్నర నుంచి ఆరున్నర, అక్కడి నుంచి 5.8. మీకు రాత్రుళ్లు నిద్ర లేకుండా చేసిన తేడా ఇన్ని చోట్ల ఉంది. వీటిలో ఒక్కటి కూడా మీ గుండె కొత్తగా దెబ్బతిన్నదని చెప్పడం లేదు.

గడియారం సంగతి రెండు మాటల్లో చెబుతాను. మీరు ఎంత వేగంగా నడుస్తున్నారో, అప్పుడు గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చూసి అది ఊహిస్తుంది. వేగంగా నడిచినా గుండె తక్కువ కొట్టుకుంటే మంచి దమ్మున్న మనిషి అనుకుంటుంది. మీ గుండెను తక్కువ కొట్టుకునేలా చేస్తున్నది మెటోప్రోలాల్. మాత్ర చేసిన పనిని గడియారం మీ సామర్థ్యంగా లెక్కవేసింది. అలాంటి మందులు వాడుతున్నట్టు నమోదు చేసే వీలు కొన్ని గడియారాల్లో ఉంటుంది, మీ అబ్బాయిని చూడమనండి. ఎంత సరిచేసినా అది అంచనాయే.

హైదరాబాదులో చేసినదాన్ని సీపెట్ అంటాం. మాస్క్‌లో బిగించిన పరికరం ప్రతి ఊపిరిలో ఎంత గాలి లోపలికి పోయింది, తిరిగి వచ్చిన గాలిలో ఎంత ఆక్సిజన్ మిగిలింది, ఎంత కార్బన్ డయాక్సైడ్ చేరింది అని కొలుస్తుంది. ఈ ఆలోచన వెనుక ఉన్న సూత్రం పాతది. జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫిక్ 1870లో చెప్పాడు: శరీరం వాడుకున్న ఆక్సిజన్, గుండె నిమిషానికి పంపిన రక్తాన్ని ఆ రక్తం నుంచి కండరాలు లాక్కున్న ఆక్సిజన్‌తో గుణిస్తే వచ్చేదానికి సమానం. గుండె పంపింగూ కండరాల బలమూ రెండూ కలిసిన అంకె అది. అందుకే దాన్ని కొలవడానికి అంత కష్టపడతాం.

మీ రిపోర్టు రెండో పేజీలో ఎవరూ మీకు వివరించని మూడు అంకెలున్నాయి. ఒకటి, చివరి నిమిషంలో వదిలిన కార్బన్ డయాక్సైడ్‌కూ వాడిన ఆక్సిజన్‌కూ నిష్పత్తి 1.14. ఇది 1.1 దాటితే మనిషి నిజంగా తన శక్తంతా పెట్టాడని అర్థం. మీరు మధ్యలో చేతులెత్తేయలేదు. రెండు, వాట్‌కు 9.3 మిల్లీలీటర్లు. సైకిలు భారం ఒక్కో వాట్ పెరిగేకొద్దీ ఆరోగ్యవంతులు సుమారు 10 మిల్లీలీటర్ల ఆక్సిజన్ అదనంగా వాడతారు. గుండెకు రక్తం చాలకపోతే ఈ గీత మధ్యలో వంగిపోతుంది. మీది 120 వాట్ల దాకా నిటారుగానే వెళ్లింది. ఇది మంచి కబురు. సూత్రంలో స్థిరమని అనుకునే ఈ వాలు గుండె జబ్బులో మారుతుంది. అంచనా గురి తప్పే చోటే మాకు జబ్బు జాడ దొరుకుతుంది. కాబట్టి ఆ చోటును సూత్రంతో పూడ్చేయకూడదంటాను.

మూడోది మీకు అన్నింటికంటే ముఖ్యం. 12.6 దగ్గర, గుండె నిమిషానికి 96 సార్లు కొట్టుకుంటున్నప్పుడు, మీ కండరాలు అప్పు మీద నడవడం మొదలుపెట్టాయి. ఆ హద్దును ఊపిరిని బట్టి కనిపెట్టే మార్గాన్ని కార్ల్ వాసర్‌మన్, మాల్కమ్ మెకిల్‌రాయ్ 1964లో చూపించారు. వారు దాన్ని వెతికింది క్రీడాకారుల్లో కాదు, గుండె జబ్బు రోగుల్లో. ఈ హద్దు కింద ఉంటే గంటలు నడవగలరు. దాటితే నిమిషాల లెక్క. 12.6 అంటే 3.6 మెట్‌లు. ట్రెడ్‌మిల్ అంచనాలో ఈ హద్దు కనిపించనే కనిపించదు.

ఇప్పుడు అంచనాను నమ్మితే ఏమవుతుందో చూడండి. వ్యాయామం సామర్థ్యంలో 60 శాతం దగ్గర చేయమని చెబుతుంటాం. 10.2లో 60 శాతం 6.1 మెట్‌లు. అది మీరు తొడలు పట్టేసేదాకా తొక్కి చేరుకున్న 5.8 కంటే ఎక్కువ! మీకు ‘మధ్యస్థ వ్యాయామం’గా రాసి ఇచ్చేది మీ శిఖరాన్ని మించిపోతుంది. 220 నుంచి వయసు తీసేసి 70 శాతం వేస్తే 110 వస్తుంది, అది కూడా మీ 96 హద్దుకు చాలా పైన. మెటోప్రోలాల్ వాడేవారికి ఆ 220 లెక్క పనికిరాదు. రోజూ అరగంట జోరు నడకలో మీరు పడిన ఆయాసానికి మీ గుండె కంటే ఆ రిపోర్టే ఎక్కువ కారణమని నా అభిప్రాయం.

అంచనా పనికిమాలినదని మాత్రం అనుకోవద్దు. 2002లో జొనాథన్ మయర్స్ బృందం 6,213 మంది మగవారిని పరిశీలించి, ఒక్కో మెట్ పెరిగేకొద్దీ బతికే అవకాశం 12 శాతం మెరుగవుతుందని చూపించింది. అవన్నీ ట్రెడ్‌మిల్ వేగం నుంచి అంచనా వేసిన మెట్‌లే. వేలమందిని వరుసలో నిలబెట్టడానికి అంచనా చాలు. అదే ఏడాది టొరంటోలో టెరెన్స్ కావనా బృందం, పునరావాసానికి వచ్చిన 12,169 మంది మగ హృద్రోగులలో ఆక్సిజన్‌ను నేరుగా కొలిచి ఫలితాలు ప్రచురించింది. 15 కంటే తక్కువ ఉన్నవారితో పోలిస్తే 15 నుంచి 22 మధ్య ఉన్నవారిలో గుండె జబ్బుతో మరణించే ముప్పు సుమారు 38 శాతం తక్కువ, 22 దాటినవారిలో 61 శాతం తక్కువ. గుండెపోటు వచ్చినవారు మంచం దిగకూడదనే భయం ఇంకా బలంగా ఉన్న రోజుల్లో, 1973లోనే, తన రోగులను బోస్టన్ మారథాన్‌కు తీసుకెళ్లిన వైద్యుడు కావనా. మీరు ఆ మధ్య గుంపులో పై అంచున ఉన్నారు. ఇంకో 2 మిల్లీలీటర్లు మీకు అందని దూరం కాదు.

కొలతనూ గుడ్డిగా నమ్మకండి. చాలా ఏళ్ల క్రితం ఒక వానాకాలంలో, మూడు నెలల వ్యాయామం తరువాత వచ్చిన ఒక పెద్దాయన అంకె అయిదో వంతు పడిపోయినట్టు నా యంత్రం చూపించింది. నేను ఆయనకు ఆ మాట చెప్పేశాను. ఆ రాత్రి ఆయన, ఆయన భార్య ఎలా గడిపి ఉంటారో ఇప్పటికీ తలచుకుంటాను. మర్నాడు అనుమానం వచ్చి మా టెక్నీషియన్ తానే సైకిలెక్కి తొక్కింది. ఆమె అంకె కూడా పడిపోయింది! గాలి ప్రవాహాన్ని కొలిచే పరికరంలో తేమ చేరింది. మళ్లీ పరీక్షిస్తే పెద్దాయన నిజానికి మెరుగుపడ్డారు. అప్పటి నుంచి ప్రతి పరీక్షకు ముందు మూడు లీటర్ల సిరంజితో గాలి కొలతనూ, తెలిసిన వాయువుల సిలిండరుతో ఆక్సిజన్ కొలతనూ సరిచూస్తాం. ప్రతి సోమవారం ఆమె 50 వాట్ల దగ్గరా 100 వాట్ల దగ్గరా తొక్కుతుంది. రెండింటికీ మధ్య తేడా 500 మిల్లీలీటర్ల దగ్గర రాకపోతే ఆ రోజు రోగులను పిలవం. అన్నీ సరిగా ఉన్నా, ఒకే మనిషికి రెండు రోజుల్లో 5 శాతం తేడా సహజం. వచ్చేసారి మీకు 20.3 బదులు 21 వస్తే పండగ చేసుకోకండి, 19.6 వస్తే దిగులు పడకండి.

అలిపిరి దారిలో 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. గాలి గోపురం దాకా నిలువు ఎక్కుడు, చివర్లో మోకాళ్ల పర్వతం. మెట్లు చాలా నిదానంగా ఎక్కినా 4 మెట్‌లు ఖర్చవుతాయి. మీ హద్దు 3.6. గంటల తరబడి హద్దు దాటి ఉండాలన్న మాట. అరవై దాటినవారు, దీర్ఘకాలిక జబ్బులున్నవారు కాలినడకన రావద్దని తిరుమల తిరుపతి దేవస్థానమే 2024లో సూచించింది. ఇప్పుడు ఎక్కవద్దు. బస్సులో వెళ్లి దర్శనం చేసుకోండి. పన్నెండు వారాల పాటు వారానికి అయిదు రోజులు, నాడి 90 నుంచి 96 మధ్య ఉండేలా నడవండి, మొదట ఇరవై నిమిషాలు, తరువాత నలభై. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేయండి, తొడలకు బలం రావాలి. ఛాతీలో బిగువు గానీ కళ్లు తిరగడం గానీ ఉంటే వెంటనే ఆపి మీ డాక్టరుకు చెప్పండి. తరువాత అదే ల్యాబులో, అదే సైకిలు మీద, మాత్ర వేసుకున్న అంతే సమయానికి మళ్లీ కొలిపించండి. ఆ కాగితం నాకు పంపండి, అమ్మగారి మొక్కు గురించి అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

ప్రశ్న: మా అన్నయ్యకు 44 ఏళ్లు. గుండె కండరం బలహీనపడి సాగిపోయింది, పంపింగు 22 శాతం. కార్వెడిలాల్‌తో పాటు అన్ని మందులూ వాడుతున్నాడు. ఆరు నిమిషాల నడక పరీక్షలో 380 మీటర్లు నడిచాడు. అక్కడి వారు ఏదో సూత్రం వేసి ‘15 పైనే ఉంది, 14 దాటితే గుండె మార్పిడి అవసరం లేదు’ అన్నారు. పెద్ద డాక్టరు మాత్రం మాస్క్ పరీక్ష చేయకుండా ఏమీ చెప్పలేనంటున్నారు. నాలుగు అడుగులు వేస్తేనే ఆయాసపడే మనిషిని సైకిలు తొక్కించడం అవసరమా?
– ఒక చెల్లెలు, రాజమహేంద్రవరం

జవాబు: అవసరమే అమ్మా. పెద్ద డాక్టరు గారి మాట వినండి.

వారు వేసిన సూత్రం నాకు తెలుసు. నడిచిన మీటర్లను 0.03తో గుణించి 3.98 కలుపుతారు. 380కి 15.4 వస్తుంది. వందమంది సగటు చెప్పడానికి అది బాగానే ఉంటుంది. ఒక్క మనిషి విషయంలో మూడు, నాలుగు మిల్లీలీటర్లు అటూ ఇటూ తప్పడం మామూలు. అంటే మీ అన్నయ్య అసలు అంకె 12 కావచ్చు, 19 కూడా కావచ్చు. ఒకటి కొత్త గుండె కోసం పేరు నమోదు చేయించుకోవలసిన స్థితి, మరొకటి మందులతో హాయిగా ఇంట్లో ఉండవలసిన స్థితి. ఇంత పెద్ద నిర్ణయాన్ని నడవా పొడవు మీద పెట్టకూడదు.

ఆ 14 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోండి. 1991లో డోనా మాన్సినీ బృందం, గుండె మార్పిడి కోసం వచ్చినవారిలో ఆక్సిజన్‌ను నేరుగా కొలిచి, 14 దాటినవారిలో 94 శాతం మంది ఏడాది తరువాత జీవించి ఉన్నారని చూపించింది. వారికి మార్పిడిని నిశ్చింతగా వాయిదా వేయవచ్చని తేల్చింది. గమనించండి, అది కొలిచిన 14. సూత్రంతో తెచ్చిన 15ను దాని పక్కన నిలబెట్టి పోల్చడం సరికాదు. పైగా ఆ రోజుల్లో గుండె వైఫల్యానికి కార్వెడిలాల్ లాంటి మందులు వాడేవారు కాదు. ఆ మందులు వాడేవారు తక్కువ అంకెతోనూ ఎక్కువ కాలం బతుకుతున్నారు కాబట్టి వారికి ఇప్పుడు 12ను గీతగా పెట్టుకుంటున్నాం. యాభై లోపు వయసువారిలో, ఆ వయసుకు ఉండవలసినదానిలో ఎంత శాతం ఉందో కూడా చూస్తాం. సగం లేక అంతకంటే తక్కువైతే జాగ్రత్త పడతాం. ఆ ‘ఉండవలసిన’ విలువలు ఎక్కువగా అమెరికా, యూరప్ ప్రజల కొలతల నుంచి వచ్చినవి, కాబట్టి మనవారి శాతాన్ని నేను కాస్త ఆచితూచి చదువుతాను.

ఆయన ఎక్కువసేపు తొక్కలేరనే భయం వద్దు. భారాన్ని నిమిషానికి కొద్దికొద్దిగా పెంచుతారు, ఎనిమిది పది నిమిషాల్లో ముగుస్తుంది. ఈసీజీ, రక్తపోటు చూస్తూ డాక్టరు పక్కనే ఉంటారు. మాస్క్ ఉన్నప్పుడు మాట్లాడలేరు కాబట్టి చేతి సైగలు ముందే నేర్పుతారు. బొటనవేలు కిందికి చూపిస్తే చాలు, ఆపేస్తారు. ఆయన త్వరగా ఆగిపోయినా పరీక్ష వృథా పోదు. కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపడానికి ఎంత ఎక్కువ గాలి పీల్చవలసి వస్తోందో చూపే వాలు ఒకటి ఉంటుంది. అది 35 దాటితే, శిఖరం అంకె లేకపోయినా మాకు పరిస్థితి అర్థమవుతుంది. ఈ వెసులుబాటు ఏ నడక సూత్రంలోనూ లేదు.

మన దేశంలో తొలి విజయవంతమైన గుండె మార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ మీ ఊళ్లోనే పుట్టారు. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జీవన్‌దాన్ ద్వారా అవయవాలు కేటాయిస్తున్నారు. దొరికే గుండెలు తక్కువ, ఎదురుచూసేవారు ఎక్కువ. మీ అన్నయ్యకు అది నిజంగా కావాలంటే ఆలస్యం కాకూడదు, అక్కరలేకపోతే ఆ శస్త్రచికిత్స భారం ఆయన మీద పడకూడదు. పరీక్ష చేయించండి. ఆ రోజు ఉదయం కార్వెడిలాల్ మానేయమని ఎవరైనా చెబితే, పెద్ద డాక్టరు గారిని అడగకుండా మానవద్దు. ఇలాంటి పరీక్ష రోజూ వేసుకునే మందుల మీదే చేయాలి.

ప్రశ్న: నేను కరీంనగర్‌లో ఫిజియోథెరపిస్టును. స్టెంటు, బైపాస్ అయినవారికి వ్యాయామం నేర్పుతాను. మా దగ్గర ఊపిరి కొలిచే యంత్రం లేదు, దగ్గర్లో వస్తుందన్న ఆశా లేదు. అంచనాలు తప్పని మీరు ప్రతిసారీ రాస్తుంటే మాలాంటివాళ్లం ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ మాటలోని నొప్పి నాకు తగిలింది. నేను కూడా మొదటి తొమ్మిదేళ్లు ఆ యంత్రం లేకుండానే పనిచేశాను. అంచనా వేయండి, తప్పక వేయండి. దాన్ని అంచనా అని చెప్పి వేయండి.

ట్రెడ్‌మిల్ ఉంటే, మాస్టారిని నడిపించినట్టు పెద్ద పెద్ద అంగల్లో పెంచకండి. భారం చిన్న చిన్న మెట్లలో పెరిగే పద్ధతి ఎంచుకోండి, రోగి ఎనిమిది నుంచి పన్నెండు నిమిషాల్లో అలసిపోయేలా చూడండి. ముందు రోజు రెండు నిమిషాలు బెల్టు అలవాటు చేయండి. కడ్డీని పట్టుకోనివ్వకండి, మరీ భయపడితే రెండు వేళ్లు ఆనించమనండి, ఆ సంగతి రిపోర్టులో రాయండి. మూడు నెలల వ్యాయామం తరువాత మళ్లీ నడిపిస్తే అంచనా మెట్‌లు ఘనంగా పెరుగుతాయి. అందులో కొంత గుండె, కండరాల బలం. కొంత బెల్టు మీద నడవడం వచ్చేయడం. నేరుగా కొలిస్తే పెరుగుదల అంత ఉండదు. రోగికి ‘మీ నడక మెరుగైంది’ అని చెప్పండి, అది నిజం, అది అతనికి కావలసినది కూడా. ‘మీ గుండె నలభై శాతం బాగుపడింది’ అని మాత్రం చెప్పకండి.

ట్రెడ్‌మిల్ లేకపోతే ఆరు నిమిషాల నడక చాలు. రెండుసార్లు నడిపించి ఎక్కువ దూరాన్ని తీసుకోండి, ఎందుకంటే మొదటిసారి కంటే రెండోసారి అందరూ ఎక్కువే నడుస్తారు. మీటర్లను మీటర్లుగానే ఉంచండి, మెట్‌లుగా మార్చకండి. మార్చిన ప్రతిసారీ కొత్త తప్పు చేరుతుంది. పాతిక, ముప్పై మీటర్లు పెరిగితేనే నిజమైన మార్పుగా తీసుకోండి. కొంచెం గట్టి రోగులకు ఆరు నిమిషాల నడక సులువైపోతుంది. వారికి శబ్దం వినిపించినప్పుడల్లా పది మీటర్ల మధ్య అటూ ఇటూ నడిచే షటిల్ పరీక్ష పెట్టండి. ఫోనూ రెండు గుర్తులూ ఉంటే చాలు. వ్యాయామ తీవ్రతకు నాడి కంటే మాట నమ్మదగినది: నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే హద్దు కిందే ఉన్నారని అనుకోవచ్చు. మాట ముక్కలైతే వేగం తగ్గించండి. ఆశించినదానికీ చూసినదానికీ పొంతన కుదరనివారిని, మాస్టారిలా అంకె బాగుండి ఆయాసపడేవారిని, పంపింగు బాగా తగ్గినవారిని మాత్రం యంత్రం ఉన్న చోటికి పంపండి. పదిమందిలో ఒకరో ఇద్దరో ఉంటారు. మిగిలినవారికి మీ చేతిలో ఉన్నది చాలు.

ఇంకొకటి. నడక పరీక్షకు 30 మీటర్ల నడవా కావాలంటారు. దాన్ని నేల పలకలు లెక్కపెట్టి గుర్తుపెట్టకండి. నేను మొదట్లో పనిచేసిన చోట ముప్పై అనుకున్న నడవా, టేపు పట్టి చూస్తే 27 మీటర్లు వచ్చింది. అప్పటికి రెండేళ్ల రిపోర్టులు వెళ్లిపోయాయి. రేపు పొద్దున వెళ్లగానే మీ నడవాకు టేపు పట్టండి.